కవరులో వచ్చిన గౌను

మావయ్య, అత్తయ్యల పెళ్ళి జరిగి యాభై ఏళ్ళు నిండాయని వాళ్ళ పిల్లలు ఈమధ్య రాజోలులో పెద్ద విందు చేశారు. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ఆనాటి పెళ్ళి ఫోటో. అసలు ఫోటోలో బొటనవేలంత ఉన్న మనుషులను అంత పెద్దవాళ్ళను చేసేసరికి, చర్చి మెట్ల మీద అందరికంటే ముందు నిలబడ్డ ఎనిమిదేళ్ళ పిల్ల కూడా నా ఎత్తుకు వచ్చేసింది. చేతిలో పూలబుట్ట, జడకు రిబ్బను, మోకాళ్ళ కిందికి దిగిన తెల్ల గౌను. మావయ్య పెద్దకొడుకు కూతురు ఆ ఫ్లెక్సీని ఫోనుతో ఫోటో తీసి, గౌను మెడ దగ్గర వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ, "పెద్దమ్మా, ఇది ఎక్కడ కొన్నారు?" అని అడిగింది.

"కొనలేదమ్మా, అమెరికా నుంచి వచ్చింది" అన్నాను.

అబద్ధం కాదు. కాకపోతే బట్ట రాలేదు, దారం రాలేదు, గుండీ రాలేదు. వచ్చింది ఒక కాగితపు కవరు.

* * *

మాది నర్సాపురం. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, నర్సు. అమెరికా వలస చట్టం 1965లో మారాక మన దేశం నుంచి డాక్టర్లు, నర్సులు అక్కడికి వెళ్ళడం మొదలైంది కదా, ఆ తొలి రోజుల్లో వెళ్ళినవాళ్ళలో పిన్ని ఒకతె. ఆవిడ దగ్గర నుంచి నీలిరంగు ఏరోగ్రాములు వచ్చేవి. మడతల మీద, అంచుల మీద, చిరునామా పక్కన కూడా ఖాళీ వదలకుండా రాసేది. వాటిని నాన్న బిగ్గరగా చదివితే ఇల్లంతా కూర్చుని వినేవాళ్ళం.

మావయ్యకు రాజోలు సంబంధం కుదిరిందని తెలిసి, పెళ్ళికి రాలేనని పిన్ని ఏడుస్తూ రాసిన ఉత్తరం వెనకే ఒక లావుపాటి కవరు వచ్చింది. పార్సిలు పంపాలంటే ఖర్చు, పైగా కస్టమ్స్ వాళ్ళ బాధ. కాగితమైతే తేలిక. పెళ్ళికూతురి ముందు పూలు చల్లుతూ నడిచే పిల్లను నేనే కాబట్టి, నా గౌను ఎలా ఉండాలో పిన్ని అక్కడి నుంచే నిర్ణయించింది.

లోపలున్నది గౌను కత్తిరించుకోవడానికి అచ్చువేసిన నమూనా కాగితం. కవరు మీద సింప్లిసిటీ అని ఆ కంపెనీ పేరు, కింద ఒక నంబరు. ముగ్గురు ఆడపిల్లల రంగుల బొమ్మ. ఒకదానికి గుండ్రటి కాలరు, ఒకదానికి బుట్టచేతులు, మూడోదానికి నడుముకు పెద్ద బో. ఒకే కాగితంతో మూడు రకాలూ కుట్టుకోవచ్చు. వెనకవైపు ఏ సైజుకు ఎన్ని గజాల బట్ట పడుతుందో పట్టిక. లోపల ఉల్లిపొర కంటే పల్చటి గోధుమరంగు కాగితం, మడతలు మడతలుగా. దాన్ని విప్పుతుంటే వచ్చే చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఒకసారి విప్పాక మళ్ళీ ఆ కవరులో పట్టేలా మడవడం మా ఇంట్లో ఎవరి తరమూ కాలేదు.

ఇలా సైజుల వారీగా కాగితం కత్తిరించి అమ్మే వ్యాపారాన్ని మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ అనే ఊళ్ళో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో మొదలుపెట్టాడని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. అంతకుముందు దొరికేవి ఒకే సైజువట, ఎవరికి వాళ్ళు పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేసుకోవాలి. పిల్లల బట్టలకైనా సైజులు ఉంటే బాగుండునన్న ఆలోచన ఆయన భార్యదేనని చెబుతారు. ఆ మాట నేను వెంటనే నమ్మాను. పెరిగే పిల్లకు గౌను కుట్టడంలో ఉన్న తిప్పలు ఆవిడకు తెలిసినట్టు ఆయనకేం తెలుస్తాయి?

* * *

మనకు ఇలాంటి కాగితాలు కొనే అలవాటు లేదు. దర్జీ దగ్గరికి వెళితే ఆది జాకెట్టు పట్టుకెళ్ళడమే. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ఇచ్చి, "చేతులు అర అంగుళం పొడుగు, మెడ కాస్త పైకి" అని చెప్పి వచ్చేయడమే. కొంతమంది ఆదిజాకెట్లు దర్జీ కొట్లోనే కాపురం ఉండేవి.

అమ్మ క్రైస్తవ మిషనరీల హాస్టల్లో కుట్టు నేర్చుకుంది. పాత వార్తాపత్రిక పరిచి, స్కేలూ పెన్సిలూ పట్టుకుని, లెక్కతో గీసేది. ఛాతీ చుట్టుకొలతలో నాలుగో వంతు చంక లోతు, పన్నెండో వంతు మెడ వెడల్పు. ఆ భిన్నాలు ఆవిడకు ప్రార్థనలా నోటికి వచ్చు. నాకు బళ్ళో భిన్నాలు అర్థం కాకపోతే, జాకెట్టు గీసి చూపించి అర్థం చేయించింది.

అలాంటి మనిషి ఆ అమెరికా కాగితాన్ని మొదటిరోజు చూసిన చూపు అంత మర్యాదగా ఏమీ లేదు. మంచం మీద పరిచి, టేపు పెట్టి కొలిచి, "ఇది మన పిల్లకు కాదు" అని తేల్చేసింది. పిన్ని నా వయసు చూసుకుని ఎనిమిదో నంబరు పంపింది. అక్కడి లెక్కలో ఆ నంబరంటే ఛాతీ 27 అంగుళాలు. నేనేమో 24 దాటని బక్కపీనుగను. ఆ రోజుల్లో కవరుకు ఒక్క సైజే వచ్చేది. ఇప్పటిలా అన్ని సైజుల గీతలూ ఒకే కాగితం మీద ఉండేవి కావు.

నాన్న బడిపంతులు. ఇంగ్లీషు వచ్చినవాడు తానే కాబట్టి, సూచనల కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, గ్రాంథికంలోకి దిగాడు.

"ఈ అంచును వస్త్రపు మడతపై నుంచవలెను."

"మరి ఇంకెక్కడ పెడతారండీ? ముందు భాగం మడత మీద వేయకపోతే మధ్యలో అతుకు పడదూ?" అంది అమ్మ.

"ఈ బాణము వస్త్రపు నిలువు పోగుకు సమాంతరముగా నుండవలెను."

"అది బాణం చూస్తేనే తెలుస్తోంది."

ఇలా కాసేపు నడిచాక నాన్నకు కోపం వచ్చి, "అన్నీ తెలిస్తే నన్నెందుకు చదవమన్నావు?" అన్నాడు. నిజానికి అమ్మ చదవమనలేదు. ఆ మాట ఎవరూ అనలేదు.

ముక్కల అంచుల మీద చిన్న చిన్న త్రికోణాలు ఉండేవి. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల రెండు. వాటి గురించి నాన్న నిఘంటువు తీసేలోపే అమ్మ గౌను చేతి ముక్కనూ ఒంటి భాగం ముక్కలనూ పక్కపక్కన చేర్చి చూసింది. ఒక త్రికోణం ఉన్న వైపు ముందు భాగానికి, రెండున్న వైపు వెనక భాగానికి సరిగ్గా కలిశాయి. చేతుల్లో కుడి ఎడమలు తారుమారు కాకుండా ఇదీ ఏర్పాటు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవరో గాని బుద్ధిమంతులు" అంది. ఆ కాగితం మీద గౌరవం అప్పుడు మొదలైంది. అది కూడా కాగితానికి కాదు, గీసినవాళ్ళకు.

* * *

అసలు కాగితానికి కత్తెర తగలనివ్వలేదు. కింద పాత ఆంధ్రపత్రిక పరిచి, పైన ఈ పొర కాగితం పెట్టి, గీత వెంబడి సూదితో పొడుచుకుంటూ వెళ్ళి, ఆ చుక్కలను పెన్సిలుతో కలుపుకుంది. తగ్గించాల్సింది మొత్తం మూడంగుళాలు. ముందు సగం, వెనక సగం రెండేసి పొరలుగా తెగుతాయి కాబట్టి ఒక్కో ముక్కలో ముప్పావు అంగుళం. అదంతా పక్క కుట్టులోనే లాగేస్తే భుజాలు జారిపోతాయని, కొంత పక్కన, కొంత భుజం మధ్య నుంచి కిందికి మడత పెట్టి తీసింది. పొడుగు తగ్గించుకోవాల్సిన చోట అడ్డంగా జంటగీత అచ్చులోనే ఉంది. దాన్ని చూసి మాత్రం పొంగిపోయింది. మన వార్తాపత్రిక కటింగుల్లో అలాంటి గీత ఎందుకు వేసుకోలేదా అని హాస్టల్లో తనకు నేర్పిన టీచరమ్మను కూడా తలచుకుంది.

ముందు తాతయ్య పాత పంచె చింపి నమూనా కుట్టింది. కచ్చా కుట్లు, అంచులు పీచులు పీచులుగా, గుండీలకు బదులు గుండుసూదులు. చూసి సరిచేయడానికే అది. నేను మాత్రం అదే గౌననుకుని, అమ్మ పక్కకు తిరగ్గానే వీధిలోకి పరుగెత్తి, అరుగు మీద కూర్చున్న అందరికీ చూపించి వచ్చాను. తాతయ్య పంచె జరీ అంచు నా నడుము చుట్టూ ఎక్కడ పడిందో చూసి మా ఎదురింటావిడ చాలా రోజులు నవ్వింది.

కొట్లో తెల్ల ఆర్గండీ, అంటే గరగరలాడే పల్చటి నూలు బట్ట, 36 అంగుళాల పన్నాదే దొరికింది. కవరు వెనక లెక్కేమో 45కు. పైగా అక్కడ గజాలు, ఇక్కడ మీటర్లు. నాన్న గజాన్ని మీటరు చేసే పనిలో ఉండగా, అమ్మ గచ్చు మీద సుద్దతో 36 అంగుళాల వెడల్పున రెండు పొడవాటి గీతలు గీసింది. అదే బట్ట అనుకుని, వార్తాపత్రిక ముక్కలను ఆ గీతల మధ్య అటూ ఇటూ తిప్పుతూ మధ్యాహ్నమంతా గడిపింది. కాలరు ముక్కను కుచ్చుల పావడా మలుపులో ఇరికించింది. చేతులను తలకిందులుగా ఎదురెదురు పెట్టింది. మేము ఆ గీతలు తొక్కకుండా గోడవారగా నడిచాం. నాన్న లెక్క తేలేసరికి అమ్మ లెక్క కూడా తేలింది. అమ్మదే తక్కువ. కొట్టుకు వెళ్ళి అంతే కోయించింది.

అమ్మకు నచ్చనిది ఒక్కటే. ఆ కాగితంలో కుట్టుకు వదిలింది అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు మాత్రమే. "పెరిగే పిల్లకు ఇంతేనా వదిలేది? ఒక్క పెళ్ళికేసి పారేస్తారా?" అని పక్కల్లో అంగుళంన్నర వదిలింది. పావడాకు అడ్డంగా మూడు టక్కులు వేసింది. పైకి సింగారం, లోపల పొదుపు. ఏడాదికొకటి విప్పుకుంటూ పోతే గౌను నాతోపాటు పొడుగవుతుంది. విప్పినచోట పడే గీత కనబడకుండా ముందే ఒక్కో టక్కు కింద లేసు కుట్టాలనుకుంది. అక్కడే అమ్మమ్మతో పేచీ వచ్చింది.

* * *

నర్సాపురం లేసు గురించి చెప్పకుండా ఈ గౌను సంగతి పూర్తికాదు. 19వ శతాబ్దంలో విదేశీ మిషనరీ దొరసానులు గోదావరి తీరంలో నేర్పిన ఆ అల్లిక, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ పాకింది. ఏజెంటు దారం కండెలు ఇచ్చి వెళ్ళేవాడు. ఆడవాళ్ళు వంటయ్యాక అరుగుల మీద చేరి, కొక్కెం సూదితో గంటల తరబడి అల్లేవారు. మాటలు సాగుతుండేవి, సూది వైపు ఎవరూ చూసేవారు కాదు. అల్లినదంతా ఓడలెక్కి పరాయి దేశాల బల్లల మీదికి, దిండ్ల అంచుల మీదికి వెళ్ళేది. చేతికి వచ్చే డబ్బు మాత్రం చెప్పుకునేంత కాదు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సమాజశాస్త్రవేత్త వచ్చి ఈ స్త్రీల పని గురించి అధ్యయనం చేసింది. రోజుకు అన్ని గంటలు పనిచేసే వీళ్ళను ఇంట్లో ఊరికే కూర్చునేవాళ్ళుగా లెక్కగట్టడాన్ని ఆవిడ ఎత్తిచూపింది. మా అమ్మమ్మ సంగతి అచ్చంగా అదే. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఏం చేస్తారని అడిగితే, చేతిలో లేసు పట్టుకునే "ఏమీ చేయనయ్యా" అనేది.

మా ఇంట్లో లేసు అల్లని ఆడది లేదు. మా బట్టల మీద లేసు ముక్క కూడా లేదు. అంతా ఏజెంటు సరుకే. అందుకే అమ్మ గౌనుకు లేసు అడగ్గానే అమ్మమ్మ, "అమ్ముకునేది మనం తొడుక్కుంటామా?" అంది. రెండు రోజులు మాటలు లేవు. మూడోరోజు పొద్దున అమ్మమ్మ తన దారంలో మిగుల్చుకున్న చిక్కులన్నీ తీసి కూర్చుంది. కవరు మీద బొమ్మను దగ్గరగా పెట్టుకుని, కాలరు చుట్టూ ఉన్న సన్నటి అంచును చూసి, "ఇది మనదే" అంది. ఆ బొమ్మ వేసిన చిత్రకారుడు నర్సాపురం పేరు విని ఉంటాడా అన్నది ఆవిడకు అనవసరం. కాలరుకు ఒక రకం, చేతులకు ఒకటి, టక్కుల కింద వేరొకటి. బొమ్మలో ఉన్న లేసు కంటే మా గౌనుకు ఎక్కువే పడింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని పేపర్లో చూసినప్పుడు, అమ్మమ్మ ఉంటే ఏమనేదా అని అనుకున్నాను. దారం రేటు పెంచారా అని అడిగేది, అంతే.

* * *

మా కుట్టుమిషను చేత్తో తిప్పేది. అమ్మ కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో బట్ట నడిపేది. మలుపుల దగ్గర చక్రం నా చేతికి వచ్చేది. "నెమ్మదిగా, ఆపు, ఒక్క కుట్టు, ఇంకొక్కటి" అని అమ్మ చెబుతుంటే, ఊపిరి బిగబట్టి తిప్పేదాన్ని. మిషను నూనె, కొత్త ఆర్గండీ గంజి కలిసిన వాసన ఆ గదిలో కొన్నాళ్ళపాటు ఉంది. బాబిన్‌లో దారం అయిపోవడం ఎప్పుడూ కుట్టు చివర్లోనే అయ్యేది.

సూచనల కాగితంలో ప్రతి కుట్టు తర్వాత ఇస్త్రీ చేయమని ఉంది. ప్రతిసారీ! మా ఇంట్లో ఇస్త్రీపెట్టెకు నిప్పులు వేసేది ఆదివారం చర్చికి ముందు మాత్రమే. కొబ్బరిచిప్పలు కాల్చి, బొగ్గు చేసి, పెట్టెలో పోసి, విసిరి, బూడిద ఊది, తడిగుడ్డ మీద పరీక్షించి, ఇంత తతంగం. అమ్మ మొదట గోటితో నొక్కి సరిపెట్టింది. కాలరు తిప్పి చూస్తే అంచు ఉబ్బుగా వచ్చింది. ఆ సాయంత్రం చిప్పలు కాల్చింది. ఆ తర్వాత రోజూ కాల్చింది. మెడ సాగకుండా ముందుగానే ఒంటిపొర మీద చుట్టూ ఒక కుట్టు వేసి ఉంచుకోవడం కూడా ఆ కాగితం నేర్పిందే. చివరిదాకా ప్రతి జాకెట్టు మెడకూ ఆ కుట్టు వేసింది.

వీపున జిప్పు వేయమన్నారు. అమ్మ వినలేదు. పెళ్ళి మధ్యలో ఇరుక్కుంటే ఎవరు దిక్కని హుక్కులు పెట్టింది.

* * *

పెళ్ళి రాజోలు చర్చిలో. నర్సాపురం రేవు నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగి వెళ్ళాలి. పంటు మీద సైకిళ్ళు, మేకలు, కొబ్బరి గెలలు, మా పెళ్ళివారు. ఆర్గండీ నలిగితే మళ్ళీ గంజి పెట్టాల్సిందే కాబట్టి, గౌనును మడవకుండా ఒక పెద్ద అట్టపెట్టెలో పరిచి, ఆ పెట్టెను నాన్న నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. పంతులుగారిని గుర్తుపట్టిన పాత విద్యార్థులు నమస్కారం పెడితే, తిరిగి పెట్టడానికి చేతులు ఖాళీ లేక తల కదపబోయి ఆగిపోయేవాడు.

పెళ్ళి తంతు నాకు అంతగా గుర్తులేదు. చేతుల కుచ్చులు గరగరలాడుతూ మోచేతి పైన గీరుకున్నాయి. పూలు సగం దారిలోనే అయిపోయాయి. ఒట్టి బుట్టలో చెయ్యి పెట్టి గాలి చల్లుతూ నడిచాను. మావయ్య అది చూసి నవ్వు ఆపుకోలేకపోయాడని అత్తయ్య మొన్న కూడా చెప్పింది.

కొత్తపెళ్ళికూతురి కంటే నా గౌను చుట్టూ ఆడవాళ్ళు ఎక్కువ మూగారు. అమ్మమ్మ కాస్త దూరంగా కూర్చుని, ఎవరు కాలరు పట్టుకుని చూస్తున్నారో లెక్కపెట్టుకుంది.

* * *

ఆ ఏడు క్రిస్మస్‌కు మా వీధిలో అలాంటి గౌన్లే కనబడ్డాయి. పొర కాగితం అమ్మ ఎవరికీ ఇవ్వలేదు గాని, వార్తాపత్రిక కటింగు అడిగినవాళ్ళకల్లా ఇచ్చింది. దాని మీద ఇంకో పత్రిక పెట్టి వాళ్ళు గీసుకున్నారు, వాళ్ళ దగ్గర నుంచి ఇంకొకరు. చేతులు మారిన కొద్దీ గౌను కూడా మారింది. ఒకరు నడుము కిందికి దించారు, ఒకరు కాలరు కోసుగా చేశారు. దర్జీ ఒకడు తన కొట్లో దాన్ని అమెరికా మోడలని బోర్డు రాసి వేలాడదీశాడు. నా గౌను టక్కులు ఒక్కొక్కటే విప్పుకుంటూ నా తర్వాత మా చెల్లెలికి, ఆ తర్వాత చిన్నమావయ్య కూతురికి వెళ్ళింది.

ఆ తిరుగుళ్ళలో చేతి ముక్క ఎవరింట్లోనో ఉండిపోయింది. అమ్మ అడిగినచోటల్లా "మేము అప్పుడే ఇచ్చేశాం వదినా" అనే జవాబు. ఇక ఆవిడే ఛాతీలో నాలుగో వంతు లెక్కతో కొత్త చెయ్యి గీసి, దాని అంచున ముందుకొక త్రికోణం, వెనక్కు రెండు త్రికోణాలు పెట్టింది.

మా చెల్లెలి కూతురు ఇప్పుడు హైదరాబాదులో ఇలాంటివి కంప్యూటర్లో కొని, మామూలు కాగితాల మీద అచ్చు తీసి, ఒకదానికొకటి టేపుతో అంటించి కోసుకుంటుంది. కొలత తప్పిందో లేదో చూడడానికి మూలన ఒక చిన్న చదరం ఉంటుందట, ముందు దాన్ని స్కేలుతో కొలవాలట. మూడు గంటలు అంటిస్తుంది, అరగంటలో కుడుతుంది. నాకు ఆ ఓపిక లేదు.

పిన్ని తర్వాతెప్పుడో సెలవు మీద వచ్చింది. క్రిస్మస్ ఆరాధనకు మాతో చర్చికి వచ్చి, ముందు వరసల్లో కూర్చున్న ఆడపిల్లల్లో తాను పంపిన గౌను ఎన్ని రూపాల్లో ఉందో చూసి, ప్రసంగమంతా నోటికి చెంగు అడ్డం పెట్టుకునే ఉంది. ఇంటికి రాగానే, "అక్కా, ఈసారి వెళ్ళాక ఇంకో నాలుగు రకాలు పంపుతాను, ఏవి కావాలో చెప్పు" అంది.

"కాగితాలొద్దులేవే. మిషను సూదులు పంపు, పదకొండో నంబరువి. ఇక్కడివి ఆర్గండీకి లావవుతున్నాయి" అంది అమ్మ.